ఆర్నికా గారికి కోవూరు బట్టతల నమస్కారాలు

ఆర్నికా గారూ,

మీరు యూరప్ కొండల మీద పచ్చికల్లో పుట్టారు, నేను పెన్నా పక్కన కోవూరులో. మనకు పరిచయం మా బాత్రూం అలమరలో. తలనూనె సీసా మీద మీ పసుపు పువ్వు, పక్కన జుట్టు విరబోసుకున్న అమ్మాయి. మూడు సీసాలు ఖాళీ చేశాను. ఇప్పుడు దువ్వెన పోయినా వెతకడం లేదు.

అసలు మీరెవరో కనుక్కుందామని కూర్చున్నాను. ఇంటిపేరు, అంటే మొక్కల కుటుంబం పేరు, ఆస్టరేసి. పాత పేరు కంపోజిటే కూడా చెల్లుతుందట, ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి ఉన్నట్టు. మీరు ఒక పువ్వు కూడా కాదు, ఉమ్మడి కుటుంబం. అంచున రేకులనుకున్నవి ఒక్కోటీ ఒక పువ్వే, నడిమి గుండ్రంలో కిక్కిరిసినవీ పువ్వులే.

1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త మీకు ఆర్నికా మోంటానా అని పేరు పెట్టాడు. మోంటానా అంటే కొండ మీది. తర్వాత చాలాకాలం మిమ్మల్ని సెనెసియోనియే అనే తెగలో ఉంచారు. ఆ తెగలో ఆకులు మామూలుగా కాడకు ఒకటి అటు, ఒకటి ఇటు. మీకేమో ఎదురెదురుగా జంటలు. పెళ్లిలో వేరేవాళ్ల బంతిలో కూర్చుని భోంచేస్తున్నా ఎవరూ లేపలేదన్నమాట! చివరికి లేపి పొద్దుతిరుగుడు వైపు కూర్చోబెట్టారు. డీఎన్ఏ చూశాక ఆ చుట్టాల్లోనే మేడియే అనే తెగలో కలిపారు.

ఇక్కడే మీ గుట్టు దొరికింది. మా గుంటగలగరది కూడా ఆ పొద్దుతిరుగుడు వైపే.

నిన్న పొద్దున పంటకాలువ గట్టు మీద ఒక గుంటగలగర మొక్క పీకి చూశాను. గరుకు కాడ, గోరంత తెల్లపువ్వు, ఆకులు ఎదురెదురుగా. ఆకు నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడ్డాయి, సబ్బుతో రుద్దినా పోలేదు. చిన్నప్పుడు దీన్నే బొగ్గుతో నూరి పలకకు పూసేవాళ్లం. మా అవ్వ నూనెలో కాచి తలకు పెట్టేది. (అదే నూనె రాసుకున్న మా నాయనకూ ముప్పై దాటగానే బట్టతల వచ్చింది, ఒప్పుకోవాలి.) ఇప్పుడు వరి మడిలో అది కనిపిస్తే కలుపు మందు కొడుతున్నాం. మీకేమో డబ్బులు కడుతున్నాం.

అక్కడ మీ పచ్చికల్లో ఎరువులు చల్లితే మీరు బతకలేరట. కోసుకుపోయేవాళ్లూ ఎక్కువయ్యారట. అందులో నా తల వాటా ఎంతో తెలీదు, ఉంటే క్షమించండి.

మా ఆవిడ నాలుగో సీసాకి ఆర్డర్ పెట్టేసింది. వచ్చాక మూత తియ్యను, పీక్కొచ్చిన గుంటగలగర పక్కన పెడతాను. చుట్టాలు కదా, మాట్లాడుకోండి.

ఇట్లు,
టోపీ లేకుండా బయటికి రాని ఒక నెల్లూరు జిల్లావాడు