కుక్కకు కరెంటు పెట్టిస్తే నవ్వులాటనా?

మొన్న ఈ పరదేశంల మన తెలంగాణోళ్ల సంఘం సద్దుల బతుకమ్మనాడు మలీద ప్లేటు చేతుల వట్టుకొని నిలవడ్డ, మా నల్లగొండ దిక్కు పెద్దమనిషే ఒకాయన అందరు వినేటట్టు "ఊర్ల మనుషులకే దిక్కులేదు, వీళ్లు కుక్కకు కరెంటు పెట్టిస్తున్నరట" అన్నడు, చుట్టున్నోళ్లు పక్కున నవ్విండ్రు. కరెంటంటే కేన్సర్ గడ్డకు పెట్టే రేడియేషన్, కుక్కంటే మా సోనూ. చానా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ మాటల అబద్ధం లేదు, నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు బస్సుల పోయి హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ దవఖానల కరెంటు పెట్టించుకున్నోళ్లు మా చుట్టాలల్లనే ఉన్నరు.

కానీ ఆ కరెంటు ఎట్ల పెడ్తరో ఒక్కరన్న అడిగిండ్రా?

మా సోనూది పొడుగు ముక్కు. ఒక్క దిక్కు నుంచే నెత్తురు కారుతుంటే సీటీ స్కాన్ తీసి, ముక్క తీసి పరీక్షకు పంపితే గడ్డ అని తేలింది. ముక్కెనక మెదడు, పక్కనే కండ్లు, నడుమ పల్చటి ఎముక. గురి తప్పితే కంటికి పొర వస్తది, లేకుంటే ఎముకనే చచ్చిపోతది. మనిషికైతే కదలకు అని చెప్తం, దీనికి ప్రతిసారి మత్తియ్యాలె. దాని పై పండ్ల అచ్చు తీసి అదే నోట్ల కరిపిస్తరు, గాలి గుంజితే గట్టిపడే దిండుల పండవెడ్తరు, మళ్ల స్కాన్ తీస్తరు, కంప్యూటర్ల పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పెట్టి పుర్రె గీతలు కలిసేదాక బల్లను మిల్లీమీటర్ల లెక్కన జరుపుతరు. గురి కుదిరితే గడ్డ చుట్టు అదనంగ కరెంటు తగిలే అంచు తగ్గియ్యొచ్చు, అంచు తగ్గితే ఒక్కో సిట్టింగుల డోసు పెంచొచ్చు, పదిహేను ఇరవై సిట్టింగులయ్యేది స్టీరియోటాక్టిక్ అనే ఈ గురి పద్ధతితోని ఒకటి నుంచి ఐదుల అయిపోతది, అన్నిసార్లు మత్తిచ్చే బాధ తప్పుతది. అన్ని గడ్డలకు కుదరదు గని కుదిరినకాడ పెద్ద మేలే.

మా నాయిన ఏరువాక పున్నానికి ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి మొక్కేటోడు. అదే ఎద్దుకు మెడ మీద గడ్డ లేస్తే కొడవలి ఎర్రగ కాల్చి వాత పెట్టిచ్చేటోడు, అది ఒర్రుతుంటే మేం పిల్లలం గోడెనక దాక్కునేటోళ్లం. ప్రేమకేం తక్కువ లేకుండె, ఏడ కాలుస్తున్నరో తెల్వదంతే.

ఇంకో ముచ్చట, ఇయ్యాల మనుషులకు వాడే టోమోథెరపీ అనే, చుట్టు తిరుక్కుంట రేడియేషన్ ఇచ్చే మిషను అమెరికాల విస్కాన్సిన్ యూనివర్సిటీల పుట్టింది, ముక్కు గడ్డలున్న కుక్కలకు దాంతోనే ట్రీట్‌మెంట్ ఇచ్చి కండ్లను ఎట్ల కాపాడొచ్చో అక్కడ చూసిండ్రు. నవ్వినోళ్లకు ఇది తెల్వకపోవచ్చు.

ఖర్చు వేల డాలర్లు, నిజమే. ముక్కు గడ్డ చానాసార్లు పూర్తిగ పోదు, కొంతకాలం మంచిగ బతుకుతది, గంతే. వద్దనుకున్నోళ్లను నేనేమనను. చేయించేటోళ్లు మాత్రం ప్రతి సిట్టింగుకు ముందు స్కాన్ తీస్తరా, ప్లాను ఎవరేస్తరు అని గట్టిగ అడగాలె.

కమిటీ అన్నలకు అక్కలకు నా మనవి: ఎంఎన్‌జే పేషెంట్లకు పంపే చందా ఆపకుండ్రి, ఇంకింత పెంచుండ్రి. దాని పక్కనే, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల చదివిన మన జిల్లా పిల్లలెవరన్న ఈ రేడియేషన్ ప్లానింగ్ నేర్సుకోనికి ఈడికొస్తనంటే ఒక స్కాలర్‌షిప్ పెడ్దం. మొదటి చెక్కు నేనే రాస్త, ఆ పెద్దమనిషి రెండోది రాస్తే ఇంకా సంతోషం.