బౌలింగ్ ధరలు ఇంకా పెంచాలి

పర్యాటక ప్రాంతాల్లో బౌలింగ్ ఆట రేట్లు మండిపోతున్నాయని ఈమధ్య చాలామంది గోల పెడుతున్నారు. క్రికెట్లో బౌలింగ్ కాదు, లేన్ అనే పొడవాటి నున్నటి బాట మీద బరువైన బంతి దొర్లించి చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట. నేను వాళ్లతో ఏకీభవించను. పెరగాల్సినంత పెరగలేదన్నదే నా ఫిర్యాదు. ఇది గాల్లోంచి పుట్టిన అభిప్రాయం కాదు. ఒక లేన్ గంటసేపు అద్దెకి తీసుకుని, ఆరుగురికి బూట్లు అద్దెకి తీసుకుని, ఆరు జతల సాక్సులు కొనుక్కుని మరీ ఏర్పరచుకున్నది. నాకున్న అభిప్రాయాలన్నిటిలోకీ ఖరీదైనది ఇదే కాబట్టి కాస్త విలువిచ్చి చదవండి.

మొదట వాన సంగతి చెప్పాలి. నాలుగు రోజులు సెలవు పెట్టుకుని ఊరు చూడ్డానికి వెళ్తే రెండో రోజు పొద్దున్నుంచే ముసురు పట్టింది. వ్యూ పాయింటుకి వెళ్తే పాయింటు ఉంది, వ్యూ లేదు. పడవలు ఆపేశారు. హోటల్ గదిలో పిల్లలిద్దరూ వంతులవారీగా కొట్టుకునే స్థాయికి చేరుకున్నారు. అలాంటి సమయంలో రోడ్డు మలుపులో రంగురంగుల లైట్లతో, తలుపు తియ్యగానే దడదడమని పిన్నులు పడే చప్పుడుతో ఒక హాలు కనిపిస్తే, బాధ్యతగల తండ్రి ముందు ధర అడుగుతాడా అడగడా? అడుగుతాడు. కానీ ఆయన డబ్బుల కౌంటర్ దగ్గర అడిగేసరికి పిల్లలు బూట్ల కౌంటర్ దగ్గర లేసులు కట్టేసుకుంటూ ఉంటారు. వ్యాపారమంతా ఆ రెండు కౌంటర్ల మధ్య ఉన్న నాలుగు గజాల్లోనే జరుగుతుంది.

"ఇవాళ మంగళవారమే కదా, వీకెండ్ రేటు వేశారేంటి?" అన్నాను కౌంటర్ కుర్రాడితో.

"సీజన్లో మంగళవారం కూడా వీకెండే సార్."

"మరి శనివారం?"

"అది పీక్ వీకెండ్ సార్."

1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్లోంచి పది రోజులు ఎత్తేస్తే ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటున్నాం. ఈ కుర్రాడు వారంలోంచి ఐదు రోజులు ఎత్తేశాడు. కనీసం ఒక శాలువా కప్పినవాళ్లు లేరు.

మా అత్తగారు ఆడనన్నారు. ఆవిడ బెంచీ మీద కూర్చుని చూస్తారని చెప్పాను. "కూర్చున్నా హెడ్ కౌంటే సార్" అన్నాడు కుర్రాడు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. "డబ్బు కట్టాక కూర్చోడమేంటి, నేనూ ఆడతాను, ఆ బూట్లేవో ఇలా పడెయ్" అని చెప్పులు విప్పేశారు. అలా అరవై ఏడేళ్ల వయసులో ఒక క్రీడాకారిణి పుట్టింది. ధరలు పెంచితే జనం ఆటకి దూరమవుతారనే పండితులు ఈ ఒక్క ఉదాహరణకి జవాబు చెప్పాలి.

ఇక అసలు సిద్ధాంతానికి వద్దాం. జనం కాపురాలున్న పేటలో బౌలింగ్ నడిపేవాడికి ఎప్పుడూ ఒక టెన్షన్. ఇవాళ వచ్చినవాడు వచ్చే ఆదివారం కూడా రావాలి. వాడు అలిగితే పది మందికి చెప్తాడు. అందుకని వాడికి పాస్ ఇవ్వాలి, పుట్టినరోజుకి తగ్గింపు ఇవ్వాలి, పేరు పెట్టి పలకరించాలి. పర్యాటక ప్రాంతంలో ఈ మొహమాటాలేవీ లేవు. వచ్చినవాడు ఎల్లుండి రైలెక్కేస్తాడు. ఈ జన్మలో మళ్లీ రాడు, వచ్చినా పక్క ఊరికి వెళ్తాడు. అలాంటివాడితో సంబంధం కలుపుకుని ఏం చేసుకోవాలి? పైగా మూడు నెలల జనంతో పన్నెండు నెలల అద్దె, కరెంటు బిల్లు, మెషిన్ల మరమ్మతు గట్టెక్కాలి. వాన లేని రోజున ఆ హాల్లో ఈగలు ఆడుకుంటాయి. ఈ వాదనలో కొంత నిజం ఉంది, నాకు నచ్చనిది అదే. తిట్టుకోవాలనుకున్నవాడిది పూర్తిగా తప్పయితే ఎంత హాయిగా ఉండేది!

గంట గంటకీ రేటు మారడమేమిటని మా ఆవిడ అడిగింది. విమానం టికెట్లు అంతే కదా అన్నాను. అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ పట్టు వదిలేశాక పక్కపక్క సీట్లకి వేరువేరు రేట్లు వేసే విద్య బాగా ముదిరింది, అదే ఇప్పుడు హోటళ్లకీ ఆటలకీ పాకింది అని వివరించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "విమానం కనీసం ఎక్కడికో తీసుకెళ్తుంది. ఇక్కడ బంతి కూడా వెనక్కే వస్తోంది" అంది. సంసారంలో ఇలాంటి మాటలకి జవాబు చెప్పకూడదు.

అందరూ ఆడేస్తే ఆటకి గౌరవం ఉండదని పెద్దవాళ్లు ఏనాడో కనిపెట్టారు. ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ రాజుగా ఉండగా 1541లో ఒక చట్టం చేశారు. కూలీలు, చేతిపనివాళ్లు, నౌకర్లు బౌల్స్ ఆడకూడదు. క్రిస్మస్ రోజుల్లో మాత్రం ఆడొచ్చు, అదీ యజమాని ఇంట్లోనో ఆయన కళ్లెదుటో. సొంత తోట దాటి బయట ఆడితే 6 షిల్లింగుల 8 పెన్నీలు జరిమానా. ఏడాదికి 100 పౌండ్ల రాబడి తెచ్చే భూములున్నవాడైతే లైసెన్సు తీసుకుని సొంత పచ్చిక మీద ఆడుకోవచ్చు. అప్పటిది పచ్చిక మీద బంతి దొర్లించే ఆటే, పిన్నులు లేవు, అయినా బుద్ధి ఒకటే. ఈ కట్టడి 1845 దాకా పుస్తకాల్లో ఉంది. మూడువందల ఏళ్లపాటు పార్లమెంటు, జడ్జీలు, జవాన్లు కలిసి మోసిన బరువుని ఇవాళ కౌంటర్ వెనక వేలాడే ఒక్క రేట్ల బోర్డు మోస్తోంది. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. ఇంత చవకగా జరుగుతున్న పనిని పట్టుకుని ఖరీదు అంటే ఎలా?

ఇప్పుడు కొంచెం లెక్క. ఒక గేములో మనిషికి పది ఫ్రేములు, అంటే పది వంతులు, ఫ్రేముకి రెండు బంతులు. ఒక్క దెబ్బకే పదీ పడగొడితే అది స్ట్రైక్, ఆ ఫ్రేములో రెండో బంతి అక్కర్లేదు. ఆట వచ్చినవాడు ప్రతిసారీ స్ట్రైకే కొట్టుకుంటూ పోతే చివరి ఫ్రేములో ఇచ్చే అదనపు బంతులతో కలిపి 12 బంతుల్లో 300 పాయింట్లు తెచ్చుకుని ఇంటికి పోతాడు. మాలాంటివాళ్లు 20 బంతులూ వెయ్యాలి. గేముకి ఇంత అని తీసుకున్నచోట జరిగే అన్యాయం చూడండి: మొనగాడికి పన్నెండు బంతులు, మొద్దుకి ఇరవై, డబ్బు మాత్రం సమానం! ప్రపంచంలో చేతకానివాడికి ఎక్కువ సరుకు దొరికే చోటు అదొక్కటే మిగిలింది. యాజమాన్యాలు ఇది పసిగట్టి గంట లెక్కకి మారిపోతున్నాయి.

గంట లెక్కన ఆరుగురం తలా ఇరవై బంతులు వేస్తే 120. గంటకి 3600 సెకన్లు. అంటే బంతికి 30 సెకన్లు. ఈ ముప్ఫై సెకన్లలో బంతి వెతుక్కోవాలి, వేళ్లు దూరుతున్నాయో లేదో చూసుకోవాలి, ఫోన్‌కి పోజివ్వాలి, వెయ్యాలి, అది లేన్ పక్కనున్న కాలువలోకి, అదే గట్టర్లోకి, పోవడం చూడాలి, గాలి వాటం వల్ల పోయిందన్నట్టు మొహం పెట్టాలి. ఏసీ హాల్లో గాలి ఎక్కడిదని అడక్కండి. మా గంటలో మొదటి తొమ్మిది నిమిషాలు స్క్రీన్ మీద పేర్లు ఎక్కించడానికే పోయాయి. మావాడు సొంత పేరు ఒప్పుకోలేదు, 'డ్రాగన్' అని పెట్టమన్నాడు. వాడు డ్రాగన్ అయితే తను 'డబుల్ డ్రాగన్' అంది వాళ్ల చెల్లెలు. ఆ పేరు గడిలో పట్టలేదు. మొదటి బంతి కదిలేసరికి మనిషికి మిగిలింది బంతికి ఇరవై అయిదు సెకన్లు. ఆ తర్వాత ఒక పిన్ను మెషిన్లో ఇరుక్కుంది. కుర్రాడు వెనక్కి వెళ్లి తీసి వచ్చేసరికి నాలుగు నిమిషాలు. గడియారం మాత్రం ఆగలేదు. "సిస్టం ఆటోమేటిక్ సార్" అన్నాడు. ఇరుక్కోవడం కూడా ఆటోమేటిక్కే కదా అని ఊరుకున్నాను.

బూట్ల అద్దె మీద కూడా చాలామందికి కోపం. ఈ ఆటకి అడుగు నున్నగా ఉండే బూట్లే కావాలి, బంతి వదిలేటప్పుడు పాదం కొంచెం జారాలి, నేల గీసుకుపోకూడదు. అది నిజం. నాకు ఇచ్చిన జత ఎంతమంది జారాక నా దగ్గరికి వచ్చిందో గానీ ఎడమది ఎరుపు, కుడిది ఒకప్పుడు ఎరుపు. నా చెప్పులు మాత్రం కౌంటర్ వెనక అరలో తాకట్టులో ఉన్నాయి. డబ్బు కట్టింది మనం, బందీలు మనవాళ్లు.

యంత్రాల సంగతీ చెప్పాలి. ఒకప్పుడు లేన్ చివర కుర్రాళ్లు కూర్చుని పడిన పిన్నులు చేత్తో నిలబెట్టేవారు. 1950ల్లో యంత్రాలొచ్చి వాళ్ల కూలి మిగిల్చాయి. ఇప్పుడు పిన్నుల తలలకి తాళ్లు కట్టి పైకి లాగే యంత్రాలు వ్యాపిస్తున్నాయి. వీటికి మరమ్మతు తక్కువ. అమెరికాలో ఆటకి నియమాలు రాసే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2023లో ఈ తాళ్ల ఆటని వేరే తరగతిగా గుర్తించింది. ఎందుకు వేరే అంటే, మామూలు పిన్నులతో పోలిస్తే వీటితో స్ట్రైకులు తక్కువ పడుతున్నాయని వాళ్ల పరీక్షల్లోనే తేలింది. అంటే ఓనరుకి మెకానిక్కు ఖర్చు తగ్గింది, ఆటగాడికి స్ట్రైకులు తగ్గాయి. అన్నీ తగ్గిపోతున్న చోట పెరిగేది ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ భారం ధర ఒక్కటే మోస్తోంది.

అందుకే యాజమాన్యాలకి కొన్ని సూచనలు. ముందు గట్టర్ వాడకానికి విడిగా రుసుం పెట్టండి. అంత నున్నటి కాలువని రెండు పక్కలా తవ్వించి ఉచితంగా వదిలేయడం దుబారా. మా బావమరిది ఒక్కడే ఏడాది బడ్జెట్ పూడ్చేస్తాడు. బంతి గట్టర్లో పడకుండా పిల్లల లేన్‌కి కంచె పైకి లేపితే ఒక రేటు, పెద్దవాళ్లు సిగ్గు విడిచి అదే కంచె అడిగితే మూడు రెట్లు. పక్క లేన్‌లో స్ట్రైక్ పడినప్పుడు మనం కూడా చూసి ఆనందిస్తున్నాం, దానికి ఇంతవరకు బిల్లు లేదు. నిలబడి ఉన్న పిన్నులకి పార్కింగ్ చార్జీ వేస్తే మా ఇంటిల్లిపాదీ ఆస్తులు రాసిచ్చేవాళ్లం.

మా గంటలో చివరి వంతు అత్తగారిది. తెరమీద 24 సెకన్లు ఉన్నాయి. ఆవిడ అన్నిటికన్నా తేలికైన బంతిని రెండు చేతులతో పట్టుకుని, గీత దగ్గర వంగి, మెల్లిగా ముందుకి తోశారు. లేన్ పొడవు 60 అడుగులు. బంతి ఘాట్ రోడ్డెక్కే పాత బస్సులా బయల్దేరింది. నడుమ దాకా వచ్చేసరికి ఆరుగురం లేచి నిలబడ్డాం. పక్కకి వాలలేదు. సూటిగా మొదటి పిన్ను మీదకే వెళ్తోంది. డ్రాగన్, డ్రాగన్ చెల్లెలు ఊపిరి బిగబట్టారు. ఇంకో నాలుగడుగులు ఉందనగా తెరమీద సున్నా పడింది, పిన్నుల ముందు అడ్డకర్ర దిగింది, బంతి దానికి ఠప్పున కొట్టుకుని ఆగిపోయింది. లేన్ మీద లైట్లు ఆరిపోయాయి. కర్ర వెనక పది పిన్నులూ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

తెరమీద 'ఇంకో గంట కావాలా?' అని వచ్చింది. కింద అరచేయంత ఆకుపచ్చ బటన్. వద్దనుకునేవాళ్ల బటన్ కూడా ఉండే ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని వెతకాలి.

"ఏం బాబూ," అన్నారు అత్తగారు కౌంటర్ కుర్రాడితో, "నేను వదిలినప్పుడు టైం ఉంది కదా. అంతదూరం మా డబ్బుతోనే వెళ్లింది కదా ఆ బంతి?"

"సిస్టం ఆటోమేటిక్ మేడమ్."

నేను చెప్పుల కోసం టోకెన్ తీస్తుండగా వెనక లైట్లు వెలిగాయి. మా బావమరిది ఆకుపచ్చ బటన్ నొక్కేశాడు.