ఖాళీ గోడ చూస్తే దొరకు ముద్ద దిగదు

18వ శతాబ్దపు ఫ్రెంచి రైతుల కష్టాల మీద బోలెడు పుస్తకాలొచ్చాయి. దొరల కష్టం మాత్రం ఎవరికీ పట్టలేదు. తలుపు పైన మూరెడు గోడ బోసిగా కనిపిస్తుంటే ఆ ఇంట్లో ఎవరికైనా ముద్ద దిగుతుందా చెప్పండి? అందుకే ఆ మూరెడు జాగాకి కొలతలిచ్చి మరీ బొమ్మలు వేయించుకునేవారు. గులాబీ బుగ్గల బుల్లి దేవుళ్లు, పట్టు గౌన్లతో గొర్రెలు కాసే అమ్మాయిలు, చుట్టూ బంగారు పూత తీగలు. ఆ కాలపు రొకోకో కళాశైలి అంటే అదన్నమాట. ఆ గొర్రెలు పెంటికలు వేసిన దాఖలా ఎక్కడా లేదు.

పారిస్‌లోని సూబీజ్ భవనమే చూడండి. ఆ ఇంటి ప్రిన్సుగారు అరవై దాటాక, 1732లో, ఇరవై నిండకుండానే భర్తను పోగొట్టుకున్న అమ్మాయిని రెండో పెళ్లి చేసుకున్నారు. ఆవిడ కోసం కోడిగుడ్డు ఆకారంలో ఓ హాలు, అందులో నాత్వార్ అనే చిత్రకారుడి చేత, పాత గ్రీకు రోమన్ పురాణాల్లోని సైకీ అనే అమ్మాయి కథ ఎనిమిది బొమ్మలుగా. కథ గుర్తుందిగా? మొగుడు చీకట్లోనే వస్తాడు, నా మొహం మాత్రం చూడొద్దంటాడు, ఆమె ఆగలేక ఓ రాత్రి దీపం పట్టుకుని చూసేస్తుంది. కథలో ఆ వెలుగులో కనిపించింది మన్మథుడు. సూబీజ్‌లో దీపం వెలిగిస్తే ఎవరు కనిపించారో, పోనీ లెండి, పెద్దవాళ్ల సంగతి మనకెందుకు.

షాంటియీ కోటలో అయితే రెండు గదుల నిండా కోతులే, క్రిస్టోఫ్ హ్యూయే పనితనం. పెద్ద గది 1737 నాటిది, అందులో చైనా వేషాల పక్కన కోతులు. కింది అంతస్తు చిన్న గదిలో ఆడకోతులు గౌన్లు తొడుక్కుని పేకాడుతున్నాయి, అద్దం ముందు సింగారించుకుంటున్నాయి, మంచులో బండెక్కి షికారు పోతున్నాయి. అంటే ఆ ఇంటి దొరసానుల దినచర్యే, తోకతో సహా! మన దగ్గర పెళ్లిలో ఎవరైనా వియ్యపురాలిని కోతి అంటే మూడు తరాలు మాటలుండవు. వీళ్లు కూలిచ్చి మరీ అనిపించుకుని, వచ్చిన చుట్టాలకి చూపించుకున్నారు. ఇంత విశాల హృదయం ఉన్నవాళ్ల మీద విప్లవం చేయడానికి జనానికి మనసెలా ఒప్పిందో!

రాజుగారి ప్రియురాలు మదాం ద్యూ బారీ లువ్‌సియెన్‌లోని తన విడిదికని చిత్రకారుడు ఫ్రాగొనార్‌తో నాలుగు పెద్ద ప్రేమ పటాలు వేయించింది. అవి పూర్తయ్యేసరికి ఫ్యాషన్ గ్రీకు తరహాకి మారిపోయింది, పట్టుకెళ్లిపొమ్మంది, వాటి స్థానంలో వియాన్ అనే మరో చిత్రకారుడి బొమ్మలొచ్చాయి. 1793లో, విప్లవంలో, ఆవిడ తలే పోయింది. ఫ్రాగొనార్ మాత్రం అంతకు మూడేళ్ల ముందే పటాలు చుట్టుకుని గ్రాస్ అనే ఊళ్లో ఉన్న కజిన్ ఇంటికి చేరి, తగిలించి చూస్తే గోడలింకా మిగిలాయని కూర్చుని మరో పది గీశాడు.