కంట్లోంచి కారేది రేడియేషన్ కాదు

థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి, ఆపైన రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాల్ని చంపడానికి మింగే రేడియేషన్ మందు) తీసుకున్నవాళ్ళ ఫోన్లలో ఓ మెసేజ్ చక్కర్లు కొడుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "అయోడిన్ మందు మింగాక కళ్ళవెంట నీళ్ళు కారితే భయపడకండి, సంతోషించండి. ఒంట్లో మిగిలిన రేడియేషన్ కన్నీళ్ళతో బయటికి పోతోంది. ఆపే మందులు వాడితే విషం లోపలే ఉండిపోతుంది. ఏడాదిలో అదే తగ్గుతుంది. అప్పటిదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రోజూ కంట్లో రెండు చుక్కలు తేనె వేసుకోండి. కొందరికి చూపే పోయింది, కాబట్టి రెండో డోసంటే ఒప్పుకోకండి."

పైనేమో సంతోషించమంది, కిందేమో చూపు పోతుందంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళు చివరిదాకా చదవరని రాసినవాళ్ళకు తెలిసే ఉంటుంది.

మొదటి మాట, రేడియేషన్ బయటికి పోతోందన్నది. వాడే మందు అయోడిన్-131. ఎనిమిది రోజులకోసారి దాని రేడియేషన్ సగానికి సగం పడిపోతుంది. మరి కళ్ళు కారడం ఎప్పుడు మొదలవుతుంది? ఐసొలేషన్ గదిలో ఉన్నప్పుడు కాదు, ఇంటికొచ్చిన వారంలోనూ కాదు. సాధారణంగా మూడు నెలలు దాటాక, చాలామందికి ఆరు నెలలు అటూ ఇటూగా. మూడు నెలల్లో ఆ మందు పదకొండుసార్లు సగమవుతుంది, అంటే మిగిలేది రెండువేల వంతుల్లో ఒక వంతు. ఆరు నెలలకైతే నలభై లక్షల వంతుల్లో ఒకటి. ఇది దానంతటది తరిగే లెక్క మాత్రమే. ఒంటికి అక్కర్లేని అయోడిన్‌లో అధికభాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. నీళ్ళు బాగా తాగమనీ, టాయిలెట్‌లో రెండుసార్లు ఫ్లష్ చేయమనీ వార్డులో అన్నిసార్లు చెప్పేది అందుకే. కళ్ళు కారడం మొదలయ్యేసరికి బయటికి పోవడానికి లోపల ఏమీ మిగల్లేదు.

మరి నీళ్ళెందుకు కారుతున్నాయి? కన్నీళ్ళు పుట్టేది పైరెప్ప వెనక, బయటి మూలన ఉన్న గ్రంథిలో. కన్ను తడిపాక అవి ముక్కువైపు మూలకు చేరి, పైరెప్పకొకటి కిందిరెప్పకొకటి ఉన్న సన్నటి రంధ్రాల్లోకి దిగి, అక్కణ్ణించి కన్నీటి సంచిలోకి, ఆ సంచి నుంచి ఓ గొట్టం గుండా ముక్కులోకి జారతాయి. ఏడ్చినప్పుడు ముక్కు కారేది ఈ దారి వల్లే. థైరాయిడ్ కణాలు రక్తంలోంచి అయోడిన్‌ను లాక్కోవడానికి ఒక ప్రొటీన్ ఉంటుంది. అదే ప్రొటీన్ లాలాజల గ్రంథుల్లోనూ, కడుపు లోపలి పొరలోనూ ఉంది. ఈ మందు తర్వాత దవడలు వాచేదీ, నోరు ఎండేదీ అందుకే. అమెరికాలో ఒహైయో స్టేట్ యూనివర్సిటీ డాక్టర్లు, రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్ళలో కన్నీటి దారి మూసుకుపోవడాన్ని 2002లో ప్రకటించారు. 2005లో ఆ ప్రొటీన్‌ను కన్నీటి సంచి, గొట్టాల లోపలి పొరలో కూడా చూపించారు. కన్నీరు పుట్టించే గ్రంథిలో మాత్రం అది కనిపించలేదు. అయోడిన్-131 బీటా కిరణాలు కండలో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోవు, కానీ అంత సన్నటి గొట్టానికి ఆ దూరం చాలు. పొర వాచి, మానే క్రమంలో మచ్చకట్టి, దారి ఇరుకై చివరికి మూసుకుపోతుంది. తూము పూడిపోతే చెరువు గట్టు మీంచి పొర్లినట్టు, దారిలేని మామూలు కన్నీరే చెంప మీదికి దిగుతోంది.

ఇది తెలిస్తే రెండో మాట, "ఏడాదిలో అదే తగ్గుతుంది", ఎంత నష్టం చేస్తుందో అర్థమవుతుంది. మచ్చకట్టిన దారి దానంతటది తెరుచుకోదు. సంచిలో నిలవున్న నీళ్ళు పాడై పుసి పడుతుంది, పొద్దున రెప్పలు అంటుకుపోతాయి. కంటికీ ముక్కుకీ మధ్య ఎర్రగా వాచి, ముట్టుకుంటే నొప్పి, దాంతోపాటు జ్వరం వస్తే సంచి చీముపట్టిందన్నమాట. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక్కడ తప్పంతా మెసేజ్‌దే అనలేను. డిశ్చార్జ్ కాగితంలో దవడల వాపు గురించి ఉంటుంది, పులుపు చప్పరించమని ఉంటుంది, కళ్ళ గురించి చాలాసార్లు ఒక్క ముక్క కూడా ఉండదు. పేషెంటేమో కంటి డాక్టరుకు థైరాయిడ్ సంగతి చెప్పదు, థైరాయిడ్ డాక్టరుకు కంటి సంగతి చెప్పదు. రెంటికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? ఈ మందు తీసుకున్న మా పిన్నికి ఎలర్జీ అంటూ చుక్కలమందు సీసా తర్వాత సీసా రాస్తూ పోయారు. ఎప్పుడు చూసినా చేతిలో కర్చీఫ్, కింది రెప్ప తుడిచి తుడిచి ఒరుసుకుపోయింది.

తేల్చే పరీక్ష చాలా చిన్నది. దాన్ని సిరంజింగ్ అంటారు. కంట్లో మొద్దుబార్చే చుక్కలు వేస్తారు. కిందిరెప్పను కొంచెం కిందికి లాగి, ముక్కు పక్కనున్న రంధ్రంలోకి మొన లేని సన్నటి సూది దించి, సెలైన్‌ను మెల్లగా తోస్తారు. "గొంతులోకి ఉప్పగా వచ్చిందామ్మా?" అని అడుగుతారు. వస్తే దారి బాగానే ఉన్నట్టు. గొంతులోకి ఏమీ రాకుండా, తోసిన నీళ్ళు పైరెప్ప రంధ్రంలోంచి వెనక్కి చిమ్మితే, వాటితో జిగురు కూడా వస్తే, అడ్డం సంచి కింద ఉన్నట్టు. తోసిన రంధ్రంలోంచే వెంటనే తిరిగొస్తే అడ్డం ఇంకా పైనే. పిన్ని మింగడానికేమీ లేక డాక్టరు మొహంలోకి చూసింది. కొన్ని నిమిషాల పని, అదే ముందు చేసుంటే ఎన్ని సీసాలు మిగిలేవో!

కళ్ళు కారే ప్రతివాళ్ళకూ ఇదే అని కూడా అనుకోకూడదు. నలభై దాటిన ఆడవాళ్ళకు ఏ అయోడిన్ లేకుండానే ఈ గొట్టం మూసుకుపోవడం కద్దు. థైరాయిడ్ క్యాన్సర్ కూడా ఆడవాళ్ళకే ఎక్కువ కాబట్టి రెండూ కలిసిపోతాయి. ఇంకో తిరకాసు ఉంది. కన్ను ఎండిపోయినా నీళ్ళు కారతాయి, మంట పుట్టి ఒక్కసారిగా ఊరతాయి. దానికి వైద్యం వేరు. అందుకే పరీక్ష లేకుండా ఇంట్లో తేల్చుకునేది కాదు.

అడ్డం తొలిదశలో ఉంటే సన్నటి సిలికాన్ గొట్టం వేసి కొన్నాళ్ళు ఉంచి చూస్తారు. పూర్తిగా మూసుకుపోతే డీసీఆర్ ఆపరేషన్, అంటే మధ్యలో ఉన్న ఎముకకు చిన్న కిటికీ పెట్టి సంచిని నేరుగా ముక్కులోకి కలపడం. చర్మం మీద చిన్న కోతతో చేయొచ్చు, ఎండోస్కోపుతో ముక్కులోంచీ చేయొచ్చు. డీసీఆర్ మామూలుగా పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి పనిచేస్తుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కన్నీటి దారుల జబ్బులకే ప్రత్యేకమైన విభాగం ఉంది. మనవాళ్ళు దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

పిల్లల్ని దూరం పెట్టమన్న మాటలో మొదట్లో కొంత నిజముంది. మందు తీసుకున్న తొలి రోజుల్లో లాలాజలం, చెమటతో పాటు కన్నీళ్ళలోనూ అయోడిన్ ఉంటుంది. తువ్వాలు, మంచం వేరుగా ఉంచుకోవాలి, ఆ రోజుల్లో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకూడదు. ఎన్నాళ్ళన్నది ఆసుపత్రివాళ్ళే డోసును బట్టి చెబుతారు. ఆరు నెలల తర్వాత కారే నీళ్ళకు భయపడి మనవణ్ణి ఎత్తుకోకపోవడం మాత్రం అర్థంలేని శిక్ష.

తేనె వద్దు. వంటింటి సీసాలోది శుభ్రంచేసిన కంటిమందు కాదు.

ఇక చూపు. నీళ్ళు నిండి మసగ్గా కనిపించడం నిజమే, తుడిస్తే పోతుంది. గొట్టం మూసుకుపోయినంత మాత్రాన చూపు పోదు. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. సంచిలో చీము ఉండగా శుక్లాల ఆపరేషన్ చేస్తే ఆ సూక్ష్మజీవులు కంటి లోపలికి చేరొచ్చు, అప్పుడు నిజంగానే చూపుకు ముప్పు. మన దగ్గర శుక్లాల ఆపరేషన్‌కు ముందు సిరంజింగ్ చేసే ఆనవాయితీ అందుకే.

రెండో డోసు వద్దనమన్నది మెసేజ్ మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. రెండో డోసు అంటున్నారంటే మెడలోనో ఊపిరితిత్తుల్లోనో క్యాన్సర్ కణాలున్నాయని చూసి అంటారు. ఆపరేషన్‌తో బాగుచేయగల కంటి ఇబ్బంది కోసం దాన్ని వదులుకోవడం ఏం లెక్క? పైగా కన్నీటి దారి దెబ్బతినేది కొద్దిమందికే, అదీ ఎక్కువగా డోసు 150 మిల్లీక్యూరీలు (మందులోని రేడియేషన్‌ను కొలిచే లెక్క) దాటినవాళ్ళకు. అయితే డోసెంత, ఎందుకు అని అడిగే హక్కు పేషెంటుకుంది. ముప్పు తక్కువగా ఉన్నవాళ్ళలో, మిగిలిన థైరాయిడ్‌ను తుడిచేయడానికి 100 మిల్లీక్యూరీలు ఎంత పనిచేస్తాయో 30 కూడా అంతే పనిచేస్తాయని బ్రిటన్, ఫ్రాన్స్‌లలో జరిగిన రెండు పెద్ద పరిశీలనలు 2012లో చూపించాయి. అలాంటివాళ్ళలో కొందరికి అసలు రేడియో అయోడినే అక్కర్లేదని 2022లో ఇంకో ఫ్రెంచ్ పరిశీలన తేల్చింది. అడగాల్సింది మన రిపోర్టు చూసిన డాక్టర్ని. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ కాగితం వెంట తీసుకెళ్ళండి. ఎప్పుడు, ఎన్ని మిల్లీక్యూరీలు ఇచ్చారో అందులో ఉంటుంది.