ఆరు నెలలు నిలవుండే తాజా పిండి

రాతి మర పిండి కొనేవారి కోరికలు ఎంతో న్యాయమైనవి. గింజ దేశవాళీదే కావాలి. రాతి మీదే పట్టాలి, వేడెక్కకూడదు, తవుడూ, గింజ లోపలి మొలక భాగమూ ఎక్కడికీ పోకూడదు. అయితే మైదా అంత మెత్తగా ఉండాలి, ఆరు నెలలు చెడకూడదు, ధర వీధి చివర గిర్నీ రేటు దాటకూడదు. ఇలాంటి పిండి ఇంకా పుట్టకపోవడం ప్రకృతి నిర్లక్ష్యమే తప్ప కొనేవారి తప్పు కాదు.

సజ్జలే తీసుకోండి. చిన్న గింజలో అయిదు శాతం దాకా నూనె. గింజ నలగ్గానే ఆ నూనే, దాన్ని విరగ్గొట్టే ఎంజైమూ ఒకచోట చేరతాయి. వారం పది రోజులకు పిండి చేదెక్కుతుంది, వానాకాలంలో అంత ఆగడం కూడా ఉండదు. వెంటనే ఫోను: ‘‘కల్తీ చేశారండీ!’’ చేదెక్కిందంటే నూనె ఉండే మొలక తియ్యలేదని అర్థమని వివరించబోకండి. మర్యాదగా డబ్బు వెనక్కిచ్చేయండి. ఎర్ర బియ్యం పిండి ఎర్రగా ఎందుకుందని అడిగినవారికీ అదే మర్యాద.

ఇక రాయి సంగతి. గింజలో తేమ 12 శాతం దాటితే పిండి రాతి గాడుల్లో మెత్తుకుని అట్ట కడుతుంది. పైరాయిని మరీ బిగిస్తే పిండి కాలుతుంది. చేతికి గోరువెచ్చగా తగిలితే పరవాలేదు, మాడు వాసన వచ్చిందా, సందు చాలలేదన్నమాట. వాడగా వాడగా రాయి నున్నబడి గింజను కోయడం మానేసి రుద్దుతుంది. అప్పుడు కక్కు కొట్టించాలి, అంటే ఉలితో రాయిని మళ్ళీ గరుకు చేయించాలి. కొట్టే మనిషి దొరికితే, అదృష్టం. కక్కు కొట్టిన రాతి మీద మొదట రెండు మూడు కిలోల నూకలు పట్టి పారబోయాలి, లేకపోతే పిండిలో రాతిపొడి పంటికి తగులుతుంది. దాన్ని ‘ఖనిజ లవణాల పిండి’ అని వేరే ప్యాకెట్టులో అమ్మే ఆలోచన ఇంకా ఎవరికీ రాకపోవడం మన వ్యాపార దక్షతకే మచ్చ.

పెట్టుబడికి దిగులు వద్దు. 2020లో మొదలైన కేంద్రం వారి సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో బ్యాంకు అప్పు తీసుకుని పెట్టే ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం రాయితీ, పది లక్షల దాకా. ప్రాజెక్టు రిపోర్టులో సామర్థ్యం దగ్గర ‘చేతి తిరగలి, గంటకు మూడు నాలుగు కిలోలు’ అని నిజాయితీగా రాసి మేనేజరు గారి ముఖం చూడండి. పన్ను మరీ విచిత్రం. విడిగా తూచి సంచిలో పోస్తే జీఎస్టీ లేదు. అదే పిండిని ముందే ప్యాక్ చేసి లేబుల్ అంటిస్తే, 2022 జూలై 18 నుంచి, 5 శాతం. పన్ను పిండికి కాదు, అట్టముక్కకు.

కూలి లెక్క ఊసెత్తకండి. రాగులు చెరిగి, ఇసుక గాలించి, కడిగి, ఎండబెట్టి, పట్టి, జల్లించేది ఇంట్లో ఆడవాళ్ళే కాబట్టి దాన్ని ‘కుటుంబ వ్యాపారం’ అంటారు. జీతాల పద్దు ఖాళీగా ఉంటే లాభం తన్నుకొస్తుంది.

చివరగా లేబుల్. తిరగలి విసిరే నాయనమ్మ బొమ్మ తప్పనిసరి. ఊళ్ళోకి గిర్నీ వచ్చిన రోజునే తిరగలిని గొడ్లసావిట్లోకి దొర్లించేసింది కూడా ఆవిడే, అయితే బొమ్మకు నోరుండదు. ఆ బొమ్మ కిందే పట్టిన తేదీ వేసి, పెద్దక్షరాల్లో రాయించండి: ‘ఫ్రిజ్‌లో ఉంచి పది రోజుల్లో వాడవలెను.’