మా క్లినిక్ డెంటల్ చైర్ గారికి జూనియర్ డాక్టర్ రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ డెంటల్ చైర్ గారికి,

మీకు కుడిపక్కన స్టూల్ మీద కూర్చునే జూనియర్ డాక్టరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీ కుశలం నాకు తెలుసు. రోజూ పొద్దున పదింటికి మీ తలకి కొత్త ప్లాస్టిక్ కవరు తొడిగేది నేనే కదా. అందుకని నా సంగతులే రాస్తాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మీ జీతం ఎంతో నేను చూసేశాను. కావాలని కాదు. పోయిన నెల 5వ తారీఖున రిసెప్షన్‌లో ఎవరూ లేనప్పుడు క్లినిక్ ఫోన్ మోగింది. తీసేసరికి పైన బ్యాంకు మెసేజ్. మీ ఈఎంఐ 14,946 రూపాయలు కట్ అయిందట. నా జీతం 12,000. ఒకే గదిలో, ఒకే నోటి ముందు పనిచేస్తున్న మనిద్దరిలో నెలకి 2,946 రూపాయలు మీకే ఎక్కువ. పైగా మీది ఎవరూ అడక్కుండా 5న వెళ్తుంది. నాది 10 దాటాక, రెండుసార్లు గుర్తుచేశాక, "అరె, ఇంకా వెయ్యలేదా?" అనే ఆశ్చర్యాన్ని వెంటబెట్టుకుని వస్తుంది.

అసూయ అనుకోకండి. మీ ఖరీదు నాలుగున్నర లక్షలని, మీతో వచ్చిన కంప్రెసర్ దానికి అదనమని మన క్లినిక్ ఓనర్ సార్ పేషెంట్లకి కూడా చెబుతుంటారు. నా ఖరీదు అంతకి చాలా రెట్లు. పళ్ళ డాక్టరు డిగ్రీ బీడీఎస్ నాలుగేళ్ళు, పైన ఏడాది హౌస్ సర్జన్సీ, హాస్టలు, పుస్తకాలు, మైనపు పళ్ళు చెక్కడానికి కొన్న కత్తులు. తేడా ఒక్కటే. మీ మీద డబ్బు పెట్టినవాళ్ళు లెక్క రాసుకున్నారు, 36 నెలల్లో తీరిపోతుంది. నా మీద పెట్టినాయనకి సూర్యాపేటలో ఎరువుల దుకాణం ఉంది, రైతులకిచ్చిన అప్పులన్నీ రాసుకుంటాడు గానీ నాకు పెట్టింది మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. సార్ గదిలో ఎవరో ఉన్నారని ఇంటర్వ్యూ మీ దగ్గరే జరిగింది. "కూర్చోమ్మా" అని మిమ్మల్నే చూపించారు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, నెత్తిమీద లైటుతో నా మొదటి జీతం మాట్లాడుకున్నాను. పన్ను పీకించుకోవడానికి పడుకున్న మనిషి బేరం ఎంత గట్టిగా ఆడగలదో అంత గట్టిగానూ ఆడాను.

"ఎంత అనుకుంటున్నావ్?"

"ఇరవై ఐదు, సార్."

సార్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జాలిగా చూశారు. "చూడమ్మా, ఇప్పుడు నువ్వు చూసుకోవాల్సింది జీతం కాదు. ముందు చెయ్యి తిరగాలి. మన దగ్గర కేసులు బాగా వస్తాయి. పన్నెండు ఇస్తాం, మూడు నెలలు చూసి పెంచుదాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇక్కడ పెట్టాలి. నేను 2004లో నాలుగు వేలకి చేశాను, తెలుసా?"

తెలియదు సార్, కానీ ఆ రాత్రి హాస్టల్లో లెక్కేశాను. 2004లో పది గ్రాముల బంగారం ఆరు వేలకి కాస్త అటూ ఇటూ ఉండేది. అంటే సార్ మొదటి జీతానికి ఆరున్నర గ్రాములైనా వచ్చేవి. ఇవాళ నా పన్నెండు వేలు పట్టుకుని షాపుకెళ్తే గ్రాము దగ్గరే బేరం ఆగిపోతుంది.

ఎనిమిది నెలలైంది. చెయ్యి తిరిగింది. నెలాఖరుకి తల కూడా తిరుగుతోంది. జీతం ఒక్కటే ఉన్నచోట ఉంది.

అసిస్టెంట్ అక్కకి నాకంటే వెయ్యి ఎక్కువ. దాని మీద నాకేం పేచీ లేదు, ఆమె ఒకరోజు రాకపోతే పరికరాల్ని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో ఏం పెట్టాలో, ఏ డ్రాయర్‌లో ఏ పరికరముందో సార్‌కే తెలియదు. కాకపోతే పేషెంట్ల ముందు ఆమె నన్ను "డాక్టర్ గారూ" అని పిలిచినప్పుడల్లా ఇద్దరికీ నవ్వొస్తుంది. మాస్కులు ఉన్నాయి కాబట్టి సరిపోతోంది.

ఇక మన మధ్య అసలు గొడవకి వస్తాను. స్టూల్. మీరు మీట నొక్కితే లేస్తారు, ఇంకోటి నొక్కితే వాలిపోతారు. నా స్టూల్‌కి గ్యాస్ పోయి మూడు నెలలైంది. కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది, పని మొదలుపెట్టాక మెల్లగా కిందకి దిగుతుంది. పోయిన నెల నిజాంపేట రోడ్డు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు, కింద కుడివైపు పెద్ద దంతం, మా భాషలో 46. రూట్ కెనాల్, అంటే పంటి వేళ్ళలోని సన్నటి దారులు వెతికి శుభ్రం చెయ్యాలి. మొదటి కెనాల్ దొరికేసరికి ఆయన నోరు నా ఛాతీ ఎత్తులో ఉంది. రెండోది దొరికేసరికి గడ్డం ఎత్తుకి వచ్చింది. మూడోది వెతికేటప్పుడు నేను ఆయన చెవిలోకి చూస్తున్నాను. నిమిషానికి మూడు లక్షల సార్లు తిరిగే ఎయిరోటర్, అదే పన్ను చెక్కే డ్రిల్లు, చేతిలో పెట్టుకుని లేచి, స్టూల్ పైకి లాగి, మళ్ళీ కూర్చోవడం ఎంత ధైర్యమైన పనో మీకు చెప్పక్కర్లేదు. అడిగితే సార్, "ఈ నెల కాదులేమ్మా, మీ పక్కన ఉన్న చైర్‌కి ఏఎంసీ కట్టాలి" అన్నారు. ఏఎంసీ అంటే ఏడాది పొడవునా రిపేర్లు చూసుకునే ఒప్పందం. మీకు ఏఎంసీ ఉంది. ఆ అబ్బాయికి పన్ను మీద మేం వేసిన జిర్కోనియా క్యాప్‌కి వారంటీ కార్డు కూడా ఉంది, లామినేట్ చేసి ఇచ్చాం. కాగితం లేనిది నా పెంపుకే.

ఆ అబ్బాయి కట్టింది రూట్ కెనాల్‌కి 3,500, క్యాప్‌కి 6,000. బిల్లు చూసి "పన్నుకి ఇంతా?" అన్నాడు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దగ్గర గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో చాలా తక్కువకి చేస్తారని వాళ్ళ అమ్మ ఫోన్‌లో చెప్పిందట. నిజమే, చేస్తారు. ఆయన దృష్టిలో ఆ 9,500 మొత్తం నా జేబులోకి వెళ్ళింది. నెలకి 26 పనిరోజులు వేసుకుంటే నాకు రోజుకి 461 రూపాయలు. ఆయన నన్ను ఏ కళ్ళతో చూశాడో, ఈఎంఐ మెసేజ్ చూశాక మిమ్మల్ని నేనూ అవే కళ్ళతో చూశాను. సార్‌ని అడిగితే సార్ కూడా అద్దెని, గూగుల్ ప్రకటనల బిల్లుని అలాగే చూస్తారు. పన్ను నొప్పికి మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, పేషెంటు తన జేబులోంచే తియ్యాలి. అందుకే అంత గింజుకుంటాడు. ఎటు చూసినా నలిగేది స్టూల్ మీదున్న మనిషే.

మెట్రో దిగి మన క్లినిక్ దాకా నడిస్తే ఏడు డెంటల్ బోర్డులు వస్తాయి, లెక్కపెట్టాను. దేశంలో మూడు వందలకి పైగా డెంటల్ కాలేజీలున్నాయి, ఏటా నాలాంటి వాళ్ళు బయటికి వస్తూనే ఉంటారు, గవర్నమెంట్ పోస్టులు ఎప్పుడో ఒకసారి, అవీ చేతివేళ్ళ లెక్కలో. నేను పన్నెండు వేలకి మానేస్తే పదికి ఒకమ్మాయి రేపే వస్తుందని సార్‌కి తెలుసు, నాకూ తెలుసు. ఆ అమ్మాయి నా జూనియర్, మొన్ననే మెసేజ్ పెట్టింది, "అక్కా, మీ దగ్గర ఖాళీ ఉందా?" అని.

బీడీఎస్ పైన పీజీ, అదే ఎండీఎస్, చేస్తే దశ తిరుగుతుందని మా పెద్దనాన్న అంటాడు. మంగళ, శనివారాలు మన దగ్గరికి వచ్చే ఎండోడాంటిస్ట్, అంటే రూట్ కెనాల్ స్పెషలిస్ట్, అన్నని చూడలేదు ఆయన. బీడీఎస్ ఐదేళ్ళు, మళ్ళీ నీట్, ఎండీఎస్ మూడేళ్ళు. ఇప్పుడు స్కూటర్ డిక్కీలో రూట్ కెనాల్ చేసే ఎండో మోటార్, భూతద్దాల కళ్ళజోడు, వేళ్ళు శుభ్రంచేసే సూదుల్లాంటి తన సొంత ఫైళ్ళు పెట్టుకుని పొద్దున దిల్‌సుఖ్‌నగర్, మధ్యాహ్నం మెహిదీపట్నం, సాయంత్రం మన దగ్గర. ఆయన చేసే ఒక్కో రూట్ కెనాల్‌కి వచ్చే 3,500లో మెటీరియల్ కింద 500 తీసేసి, మిగిలినదాంట్లో నలభై శాతం ఆయనకి. అంటే 1,200. పేషెంట్ రాకపోతే సున్నా, పెట్రోల్ ఆయనది. స్పెషలిస్ట్ అంటే ఏంటో నాకు అప్పుడర్థమైంది. జీతం లేని సీనియర్. ఆయనైనా నయం, కేసులకి పిలుస్తారు. ఎండీఎస్‌లో బ్రాంచీలు తొమ్మిది. ఓరల్ పాథాలజీ, అంటే నోటి జబ్బుల్ని ల్యాబ్‌లో పరీక్షించే బ్రాంచి, చదివిన మా సీనియర్ అక్కకి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరకలేదు. ఇప్పుడు మియాపూర్‌లో ఒక క్లినిక్‌లో స్కేలింగులు, అంటే పళ్ళ మీది గార తీసే పని, చేస్తోంది. బోర్డు మీద పేరు పక్కన ఎండీఎస్ అని ఉంది, కవర్‌లో వచ్చేది బీడీఎస్ జీతం.

మా రూమ్మేటే తెలివైనది. ఎస్సార్ నగర్ హాస్టల్లో మా ఇద్దరివీ పక్కపక్క మంచాలు. నాతోపాటే బీడీఎస్, నాకంటే మంచి మార్కులు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని మెడికల్ కోడింగ్‌లో చేరింది. మాదాపూర్‌లో ఏసీలో కూర్చుని అమెరికా వాళ్ళ రోగాలకి నంబర్లు వేస్తుంది. పుచ్చుపన్ను అని డాక్టర్ రాస్తే కే02 అని కొడుతుంది. మోలార్ రూట్ కెనాల్ అంటే డి3330. ఎయిరోటర్ పట్టుకోకుండా, ఎవరి ఉమ్మూ మీద పడకుండా, నాకంటే రెట్టింపు తెచ్చుకుంటోంది. రాత్రి పడుకునేముందు అడుగుతుంది, "ఇవాళ ఎన్ని చేశావే?" అని. "నాలుగు" అంటాను. "నేను నూట పది" అంటుంది. ఐదేళ్ళు చదివింది పళ్ళు బాగుచెయ్యడానికే అయినా, ఊరికే వాటి పేర్లు టైప్ చేస్తేనే ఎక్కువ వస్తుందని మాకు ఏ ఇయర్‌లోనూ చెప్పలేదు.

చెప్పకపోవడమేంటి, మొదట్లోనే ఒకాయన చేసి చూపించారు. మన దేశంలో తొలి డెంటల్ కాలేజీ 1920లో కలకత్తాలో పెట్టిన డాక్టర్ రఫీఉద్దీన్ అహ్మద్ గారు దాన్ని నడపడానికి డబ్బు తెచ్చింది పళ్ళ వైద్యంలోంచి కాదు, న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే తన సొంత దుకాణం నుంచి. ఈ వృత్తి ఒంటరిగా బతకదని, పక్కన ఒక సోడా కొట్టు ఉండాలని ఆయనకి అప్పుడే తెలుసు. మహానుభావుడు. డిసెంబర్ 24 ఆయన పుట్టినరోజు, మనకి డెంటిస్ట్స్ డే. ఆ రోజు మన క్లినిక్‌లో క్రీమ్ కేక్ కోస్తారు. పోయిన ఏడాది మీ పక్కనుండే ఉమ్మే గిన్నెలో క్రీమ్ పడి పైపు జామ్ అయితే క్లీన్ చేసింది నేనే, మీకు గుర్తు లేకపోవచ్చు.

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు అంటుంది, "ఇక్కడికి వచ్చెయ్. డెంటిస్ట్ అంటే ఇక్కడ లెక్కే వేరు." లెక్క నేనూ చూశాను. అమెరికా కార్మిక శాఖ ప్రకారం 2023లో డెంటిస్టుల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 1,70,910 డాలర్లు. అది అందుకోవాలంటే బోర్డు పరీక్ష రాసి, అక్కడి కాలేజీలో మళ్ళీ రెండు మూడేళ్ళు చదివి, ఆ ఫీజులు కట్టాలి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలే సుమారు మూడు లక్షల డాలర్ల అప్పుతో డిగ్రీ పుచ్చుకుంటున్నారట. నేను ఆ మాట నాన్నకి చెప్పలేదు. చెబితే దుకాణం మీద అప్పు ఎంత వస్తుందో కనుక్కుని వస్తాడు, ఆ టెన్షన్ నాకెందుకు. నెలకోసారి ఫోన్ చేస్తాడు. "జీతం పడిందామ్మా?" అంటాడు. "పడింది నాన్నా" అంటాను. "మంచిది" అని, హాస్టల్ ఫీజు ఏడున్నర వేలు తనే పంపిస్తాడు. ఆ పంపించడం గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

కాబట్టి చైర్ గారూ, మీతో నాకు శత్రుత్వం లేదు, మీ 36 నెలలు పూర్తయ్యే రోజు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను. మీ అప్పు తీరిపోయాక ఆ 14,946లో కొంచెం నా వైపు వస్తుందేమోనని మొన్న అసిస్టెంట్ అక్కతో అన్నాను. అక్క కాటన్ రోల్స్ డబ్బాలో సర్దుతూ, "మీకు తెలీదా డాక్టర్ గారూ? సార్ పక్క షట్టర్ కూడా తీసుకుంటున్నారు. ఇంకో చైర్ వస్తోంది" అంది. మీకు తమ్ముడు పుడుతున్నందుకు అభినందనలు. ఆయనకి కూడా పొద్దున ప్లాస్టిక్ కవరు నేనే తొడగాలా, లేక నా జూనియర్ మెసేజ్‌కి జవాబు పెట్టమంటారా?

ఇట్లు,
మీ కుడిపక్కన, మీకంటే కాస్త కింద,
జూనియర్ డాక్టరు

తా.క.: నిన్న మీకు ఫుట్ స్విచ్ పనిచెయ్యట్లేదని టెక్నీషియన్ వచ్చాడు. స్విచ్ ఏఎంసీలో రాదట. ఇరవై నిమిషాల పని, విజిటింగ్ 1,200, పేమెంట్ అక్కడికక్కడే. వెళ్ళబోతూ నా స్టూల్ వైపు చూసి, తన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ పైపు ముక్క తీసి, నిలువుగా కోసి, స్టూల్ కడ్డీకి తొడిగాడు. ఇక దిగదు మేడమ్, అన్నాడు. నిజంగానే దిగట్లేదు. ఎంతివ్వాలి అన్నాను. ఎంతొస్తుంది మేడమ్ మీకు ఇక్కడ, అని అడిగాడు. చెప్పాను. స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని, వద్దులే మేడమ్, అని వెళ్ళిపోయాడు.