డ్రమ్మర్‌ను ఎంతకిస్తారు?

ఐస్ హాకీ మంచు మీద ఆడే ఆట అని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. బ్లేడు బూట్లు, వంకర కర్రలు, ముందుగానే ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపరిచిన రబ్బరు బిళ్ల చూసి వాళ్లు మోసపోతారు. అసలు ఆట జరిగేది జీతాల పట్టికలో. మంచు మీద అరవై నిమిషాలు సాగే తతంగమంతా, ఆ పట్టికలో ఎవరి పేరును ఏ ఊరికి మార్చాలో తేల్చుకోవడానికి పెట్టే పరీక్ష మాత్రమే.

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. కనుక ఏ ఆటగాణ్ణి ఉంచాలో, ఎవరిని వేరే జట్టుకు ఇచ్చేయాలో తేల్చే జనరల్ మేనేజర్లు, జీతం తీసుకునేవాళ్లు, 32 మంది. అదే ఉద్యోగాన్ని జీతం లేకుండా చేసేవాళ్లు టొరంటోలో ఒక్క రైలు పెట్టెలోనే అంతకంటే ఎక్కువ మంది దొరుకుతారు. సొంత ఇంటి బీమా ఎప్పటితో ముగుస్తుందో తెలియని పెద్దమనిషి, తన జట్టు మూడో వరుస ఆటగాడి ఒప్పందానికి ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లీగ్‌లో ప్రతి జట్టు జీతాల మొత్తానికీ ఒక పరిమితి ఉంది. 2005లో అది 3.9 కోట్ల డాలర్లు, 2025-26 సీజన్‌కు 9.55 కోట్లు. తమ దేశ బడ్జెట్ లోటు ఎంతో పట్టని పౌరులు ఈ పరిమితి కింద తమ జట్టుకు ఇంకా ఎంత ఖాళీ ఉందో లక్షల వరకు లెక్కగట్టి చెబుతారు. టొరంటో జట్టు 1967 తర్వాత లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు ముఖం చూడలేదు కాబట్టి, ఈ శాస్త్రంలో ఆ ఊరివాళ్లది అందె వేసిన చెయ్యి.

ఆటగాళ్ల మార్పిడికి అభిమాని తయారుచేసే సగటు ప్రతిపాదన ఇలా ఉంటుంది. మా వైపు నుంచి మోకాలు సరిగా లేని డిఫెన్స్ ఆటగాడు ఒకడు, గోలు కొట్టడం మరిచిపోయిన వింగర్ ఒకడు, కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వచ్చే ఏడాది రెండో రౌండు ఎంపిక. మీ వైపు నుంచి మీ కెప్టెన్. పైగా అతని జీతంలో సగం మీరే భరించాలి. ఈ చివరి షరతు అభిమాని పైత్యమని కొట్టిపారేయకండి. పంపించేసిన ఆటగాడి జీతంలో 50 శాతం దాకా పాత జట్టు తన లెక్కలో ఉంచుకోవచ్చని లీగ్ నిబంధనలే చెబుతున్నాయి. ఈ ప్రతిపాదన చూసి ఎదుటి జట్టు అభిమాని కోపగించుకోడు. తానూ అచ్చం ఇలాంటిదే ఒకటి రాసి సిద్ధంగా పెట్టుకున్నాడు, కెప్టెన్ పేరు ఒక్కటే వేరు.

మన పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పక్కనున్నవాడికి ఏమీ అంతుపట్టేది కాదు. హాకీ బేరాలూ అలాగే సాగుతాయి. కాకపోతే ఇక్కడ తువ్వాలు చుట్టూ లక్షల మంది మూగి, లోపల ఎన్ని వేళ్లు పట్టుకున్నారో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఏటా బేరాల గడువు ముగిసే రోజున కెనడా టీవీ ఛానెళ్లు పొద్దున్నే విశ్లేషకులను బల్ల ముందు కూర్చోబెడతాయి. గడువు మధ్యాహ్నం మూడింటికి. పన్నెండు దాకా ఏమీ జరగకపోతే, ఏమీ జరగడం లేదన్న విషయం మీదే చర్చ నడుస్తుంది. ఆఫీసుల్లో బల్ల కింద ఫోను, బల్ల మీద గంభీరమైన ముఖం. ఫలానా గోల్‌కీపర్ విమానాశ్రయంలో కనిపించాడట అని ఎవరో అంటే చాలు, ఎద్దు ఈనిందని విన్నవాళ్లు పది నగరాల్లో పలుపుతాళ్లతో పరుగెత్తుతారు.

ఈ విద్యకు మహత్తరమైన చరిత్ర ఉంది. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ ఆయిలర్స్ యజమాని పీటర్ పాక్లింగ్‌టన్, ఆ ఊరి దేవుడైన వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కు ఇచ్చేశాడు. గ్రెట్జ్‌కీతో పాటు మరో ఇద్దరు ఆటగాళ్లు వెళ్లారు. బదులుగా వచ్చినవి ఇద్దరు కుర్రాళ్లు, కోటిన్నర డాలర్లు, 1989, 1991, 1993 డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండు ఎంపికలు. చివరి సంవత్సరాన్ని కొంచెం నిదానంగా చూడండి. డ్రాఫ్ట్‌లో ఎక్కువమంది పద్దెనిమిదేళ్లవాళ్లు. అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికి ప్రతిఫలంగా ఎడ్మంటన్ అందుకున్నవాటిలో, అప్పటికి పదమూడేళ్ల వయసులో ఎక్కడో బడిలో లెక్కల మాస్టారి చేత చివాట్లు తింటున్న ఒక పిల్లవాడు కూడా ఉన్నాడు. ఎవరో ఏమిటో ఎవరికీ తెలియదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు వేళాకోళానికి అన్నమాట అక్కడ లీగ్ రాజ్యాంగం అయింది.

ఊరి జనం యజమాని దిష్టిబొమ్మ తగలబెట్టారు. కెనడాలోని ఎన్‌డీపీ అనే పార్టీ ఎంపీ నెల్సన్ రీస్ ఈ అమ్మకాన్ని ప్రభుత్వం అడ్డుకోవాలన్నారు. అంతకు నెల్లాళ్లలోపే గ్రెట్జ్‌కీ హాలీవుడ్ నటి జానెట్ జోన్స్‌ను పెళ్లాడాడు గనుక, కొందరు నేరం ఆమె మీద మోపారు. కొత్త కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదన్న శాస్త్రం మన సొత్తేనని గర్వపడేవాళ్లు ఇకనైనా తగ్గాలి. ఇంతా చేస్తే 1990లో అదే ఎడ్మంటన్, దేవుడు లేకుండానే మళ్లీ కప్పు గెలిచింది. దిష్టిబొమ్మ తగలబెట్టినవాళ్లు ఊరేగింపులో ఏ ముఖం పెట్టుకుని నడిచారో చరిత్రకారులు నమోదు చేసినట్టు లేదు.

1993లో విన్నిపెగ్ జట్టు క్రిస్ డ్రేపర్‌ను ఒక్క డాలరుకు డెట్రాయిట్‌కు అప్పగించింది. అతను అక్కడ నాలుగు స్టాన్లీ కప్పులు గెలిచాడు. అంతకు పదేళ్ల ముందు, 1983లో, జూనియర్ లీగ్ జట్టు సియాటిల్ బ్రేకర్స్ టామ్ మార్టిన్ అనే ఆటగాడి హక్కులను విక్టోరియా కూగర్స్‌కు ఇచ్చి, బదులుగా ఒక పాత బస్సు తీసుకుంది. ఆ బేరంలో లాభం ఎవరిదన్న చర్చలో నేను బస్సు పక్షం. బస్సు జీతం పెంచమనదు, కోచ్ మీద అలగదు, దారిలో ఆగిపోతే కారణం బానెట్ ఎత్తి చూసుకోవచ్చు.

అయితే నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాంట్రియల్ జట్టు ఆటగాడు పి.కె. సుబ్బాన్ కథ. 2015లో ఈయన మాంట్రియల్ పిల్లల ఆసుపత్రి కోసం కోటి డాలర్లు సమకూరుస్తానని మాటిచ్చాడు. ఊరు చప్పట్లు కొట్టింది. అతని అనుమతి లేకుండా అతన్ని ఎక్కడికీ పంపకూడదన్న షరతు 2016 జూలై 1 నుంచి అమల్లోకి రావాలి. జూన్ 29న అతన్ని నాష్‌విల్‌కు పంపేశారు. ముహూర్తం ఇంత పకడ్బందీగా పెట్టగల పంతులు మన జిల్లాల్లో కూడా దొరకడు. బదులుగా షియా వెబర్ వచ్చాడు. అదే మధ్యాహ్నం ఎడ్మంటన్ టేలర్ హాల్‌ను న్యూజెర్సీకి ఇచ్చి ఆడమ్ లార్సన్‌ను తెచ్చుకుంది. ఒకరికి ఒకరు, పైన కొసరు కూడా లేదు. రెండేళ్లకు హాల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. ఎడ్మంటన్ అభిమాని ముందు నేటికీ ఆ బేరం పేరెత్తకూడదు. ఎత్తితే భోజనం చల్లారిపోతుంది.

ఇంతటి కరడుగట్టిన అభిమానుల గుండెలు రాత్రి పొద్దుపోయాక ఏం చేస్తాయి? జపనీస్ రాక్ పాటలు పంచుకుంటాయి.

ఇది నేను వేళాకోళానికి చెబుతున్నది కాదు. ఆగస్టులో బేరాలు అరుదు, మ్యాచ్‌లు ఉండవు, మనిషికి ఏదో ఒక వ్యాపకం కావాలి. పైగా జపనీస్ పాటలో ఒక సుగుణం ఉంది. సాహిత్యం అర్థం కాదు కనుక దాని మీద తగువు రాదు. ఏ విషయం మీదా ఏకీభవించని బోస్టన్, మాంట్రియల్ అభిమానులు, అర్థం కాని పల్లవి దగ్గర ఒకేసారి తలలూపుతారు. దీనికి హాకీ సంబంధం చూపించమని నిలదీస్తే చూపిస్తారు కూడా. లీగ్‌లో గోలు ముందు నిలబడిన తొలి జపనీయుడు యుతాకా ఫుకుఫుజి హొక్కైడో దీవిలోని కుషిరో వాడు. 2007లో లాస్ ఏంజెలెస్ తరఫున నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. 1999లో ఒక్క కచేరీకి రెండు లక్షల మందిని రప్పించిన గ్లే బృందమూ అదే దీవిలోని హకొదాతే నుంచి వచ్చింది. కాబట్టి రాత్రి రెండింటికి గ్లే పాట వినడం ఆటగాళ్ల అన్వేషణ కిందికే వస్తుందట.

ఇక్కడే నాకు శాస్త్రీయమైన సందేహం కలిగింది. పొద్దున్న ఇద్దరు పిల్లల తండ్రిని, బడులు తెరిచి ఉన్న రోజుల్లో, ఎడ్మంటన్ నుంచి ఫ్లోరిడాకు ఒక్క వాక్యంలో పంపేసిన మనిషి, రాత్రికి బక్-టిక్ బృందం గురించి గొంతు గద్గదమై మాట్లాడతాడు. 1985 నుంచి 2023 అక్టోబరులో గాయకుడు అత్సుషి సకురాయ్ కన్నుమూసేదాకా ఆ బృందంలో అదే ఐదుగురు. ఆ తర్వాత కూడా కొత్త గాయకుణ్ణి తెచ్చుకోకుండా మిగిలిన నలుగురే పాడుకుంటున్నారు. సకురాయ్ మొదట డ్రమ్స్ వాయించేవాడు, పాడతానన్నాడు, పాడనిచ్చారు. హాకీలో డిఫెన్స్ ఆటగాడు నేను ముందుకొచ్చి గోల్స్ కొడతానంటే ఏం జరుగుతుంది? మర్నాటికి అతని ధర రెండో రౌండు ఎంపికకు పడిపోతుంది.

ఇదేమి న్యాయమని ఆ అభిమానిని అడిగి చూడండి. మీ బృందంలో గిటారిస్టుకు వయసు మీద పడుతోంది కదా, ధర ఉండగానే ఇచ్చేసి ఇద్దరు కుర్ర బాసిస్టులను తెచ్చుకోకూడదా? డ్రమ్మర్‌ను ఎంతకిస్తారు? మీకు దొరికే సమాధానం, ఇంటావిడ నగలు అమ్మకానికి అడిగినప్పుడు ఇంట్లో దొరికేదే.

ఎక్స్ జపాన్ సంగతి మరీ విచిత్రం. ఆ బృందం చివరి స్టూడియో ఆల్బమ్ 1996లో వచ్చింది. మూడు మ్యాచ్‌లు ఓడితే కోచ్‌ను ఇంటికి పంపమనే మనిషి, ఆ తర్వాతి ఆల్బమ్ కోసం అప్పటి నుంచి శబరిలా కూర్చున్నాడు. నాయకుడు యోషికి డ్రమ్స్ వాయించి వాయించి మెడకు శస్త్రచికిత్సలు చేయించుకున్నాడు. ఆ మెడ పట్టీ చూసి అభిమాని కళ్లు చెమ్మగిల్లుతాయి. తన జట్టు ఆటగాడు మెడకు పట్టీ వేసుకుంటే మాత్రం చెమ్మ స్థానంలో కాలిక్యులేటర్ వస్తుంది. దీర్ఘకాల గాయాల జాబితాలో వేస్తే జీతాల పరిమితిలో ఎంత వెసులుబాటు కలుగుతుంది? 2021లో టంపా బే జట్టు నికిటా కుచెరోవ్‌ను లీగ్ దశ అంతా ఆ జాబితాలో ఉంచి, కప్పు ఎవరిదో తేల్చే చివరి దశ ప్లేఆఫ్‌ల తొలి మ్యాచ్‌కు దింపి కప్పు గెలిచింది. పరిమితికి 1.8 కోట్ల డాలర్లు పైన ఉన్నామని టీషర్టు మీద అచ్చు వేయించుకుని మరీ సంబరం చేసుకున్నారు. తప్పు చేసి తప్పించుకోవడం ఎక్కడైనా ఉంది. రసీదు ఒంటి మీద వేసుకుని ఊరేగడం ఇక్కడే చూశాను.

రెండు లోకాలకూ పోలికలు లేకపోలేదు. 2009లో లూనా సీ గిటారిస్టు సుగిజో ఎక్స్ జపాన్‌లో చేరాడు. మరుసటి ఏడాది లూనా సీ మళ్లీ మొదలైతే అందులోనూ కొనసాగాడు. ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. హాకీలోనూ ఒకసారి ఒకే మనిషి రెండు జట్లకు దక్కాడు. 1992లో క్విబెక్ నార్డిక్స్ ఎరిక్ లిండ్రోస్‌ను ఫిలడెల్ఫియాకూ, న్యూయార్క్ రేంజర్స్‌కూ ఇద్దరికీ మాటిచ్చేసింది. మధ్యవర్తి రోజుల తరబడి వాంగ్మూలాలు విని, మొదట మాటిచ్చింది ఫిలడెల్ఫియాకేనని తేల్చాడు. ఒకే పొలాన్ని ఇద్దరికి రిజిస్టరు చేసే నేర్పు ఇక్కడివాళ్లదేనని అనుకునేవాణ్ణి.

దెయ్యాల విషయంలో కూడా పోలిక ఉంది. ఎక్స్ జపాన్ గిటారిస్టు హిదే 1998లో చనిపోయాడు. బాసిస్టు తైజీ 1992లోనే బృందాన్ని వీడి, 2011లో చనిపోయాడు. బృందం వాళ్లిద్దరినీ ఇప్పటికీ సభ్యులుగానే లెక్కిస్తుంది. 2008 టోక్యో డోమ్ కచేరీలో హిదే రూపాన్ని వేదిక మీద కాంతితో నిలబెట్టారు. హాకీకి ఇంత కవిత్వం ఎక్కడిది అనుకోకండి. క్రిస్ ప్రోంగర్ చివరి మ్యాచ్ 2011 నవంబరులో ఆడాడు. కంటి గాయం, తల గాయం, మళ్లీ మంచు ఎక్కలేదు. ఒప్పందం మాత్రం బతికే ఉంది. ఆటగాళ్ల క్రమశిక్షణ చూసే లీగ్ కార్యాలయంలోనే అతను ఉద్యోగంలో చేరాడు. 2015 జూన్‌లో అతని ఒప్పందాన్ని ఫిలడెల్ఫియా అరిజోనాకు పంపింది. జీతాల పట్టికకు కనీస మొత్తం కూడా ఉంటుంది, అరిజోనాకు ఆ లెక్క పూడ్చుకోవాలి మరి. అదే నవంబరులో, అరిజోనా పట్టికలో పేరు ఉండగానే, ప్రోంగర్‌ను హాకీ మహామహుల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. జపాన్‌లో ఆత్మను పాట కోసం నిలబెట్టుకున్నారు, అరిజోనాలో ఆడిట్ కోసం.

ఈ పరిశోధన అంతా ముగించి నేను చేరిన నిర్ణయం ఒక్కటే. లోపం అభిమానుల్లో లేదు, ఆటగాళ్ల చేతుల్లో ఉన్న పరికరంలో ఉంది. వంకర కర్ర పట్టుకున్నవాణ్ణి ఎవరైనా అమ్మేస్తారు, గిటారు పట్టుకున్నవాణ్ణి అమ్మడానికి చెయ్యి రాదు. సుబ్బాన్ భుజానికి జూన్ 28 రాత్రి ఒక బాస్ గిటారు తగిలించి ఉంటే మాంట్రియల్‌కు అంత ధైర్యం వచ్చేది కాదు. కనుక ఇకపై ప్రతి ఒప్పందంలో గిటారు షరతు చేర్చాలని, బృందంగా కలిసి వాయించే ఐదుగురిని విడదీయరాదని ఒక ముసాయిదా రాసి, ఈ అభిమానుల్లో పెద్దల ముందు పెట్టాను.

వాళ్లు శ్రద్ధగా చదివారు. సూత్రరీత్యా అభ్యంతరం లేదన్నారు. ఒక్క సవరణ కోరారు: గిటారు ఇచ్చాక కూడా తమ గోల్‌కీపర్‌ను మాత్రం పంపించేయడానికి వెసులుబాటు ఉండాలి. మొన్నటి మ్యాచ్‌లో ఐదు వదిలాడట.